ఆయమ్మ పదో తరగతి

పదో తరగతి పాసైన వాళ్లంతా బడి గురించి తలో పేజీ రాయాలని హెడ్మాస్టరుగారు ఆజ్ఞాపించారు. వాటన్నిటినీ కలిపి జ్ఞాపకాల సంచిక వేస్తారట. పాసైంది నలభై రెండు మందిమి. నలభై ఒక్క మందిమి రాశాం. అందరం ఇంచుమించు ఒకటే రాశాం. "ఈ బడి మాకు రెండో ఇల్లు. మా గురువులు మాకు తల్లిదండ్రులతో సమానం. ఈ రోజులు మళ్లీ రావు." ఆఖరి వాక్యం రాసేటప్పుడు మాత్రం ఒక్కొక్కరి మొహం నిజంగానే వెలిగిపోయింది.

నలభై రెండో మనిషిని ఎవరూ రాయమనలేదు. మేం నలిపి పారేసిన చిత్తుకాగితాలు ఆవిడ అప్పుడు ఊడుస్తోంది. అందుకే ఆవిడ పేజీ నేను రాస్తున్నాను. సంచికలో వేయరని తెలుసు. వేయరని తెలియడం వల్లే కాస్త ధైర్యంగా రాయగలుగుతున్నాను.

ఆవిడ మా బడి ఆయమ్మ. వయసు నలభై మూడు. జీతాల రిజిస్టరులో ఆవిడకి పేరు ఉండే ఉంటుంది కానీ, అయిదేళ్లలో ఆ పేరుతో మాకు అవసరం పడలేదు. ఎదురుగా ఆయమ్మా అనేవాళ్లం, వెనక ఫినాయిల్ మేడమ్ అనేవాళ్లం. ఆ రెండో పేరు పెట్టింది నేనే, ఏడో తరగతిలో. నేను చేసిన పనుల్లో బడి అంతా ఏకగ్రీవంగా మెచ్చుకున్నది అదొక్కటే.

పొద్దున ఏడింటికల్లా వచ్చేది. పద్నాలుగు గదులు, రెండు వరండాలు, మేం వెళ్లే మరుగుదొడ్లు, టీచర్లు వెళ్లే మరుగుదొడ్లు. రెండో రకానివి ఎక్కువ శుభ్రంగా ఉంటాయని మేం అనుకునేవాళ్లం. అది అపోహ అని తర్వాత ఆవిడే చెప్పింది. ఇవి కాక సైన్సు లాబ్ కూడా ఆవిడ మీదే పడింది. లాబ్‌కి హెల్పరు లేడు. సైన్సు మాస్టారు లాబ్ పీరియడ్‌లో హాజరు వేసి, కిటికీ పక్క కుర్చీలో పేపరు విప్పేవారు. సీసాల మీద కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఏది మైలుతుత్తమో, ఏది పటికో, ఏది ముట్టుకుంటే చెయ్యి కాలుతుందో తెలిసిన మనిషి ఆ గదిలో ఆయమ్మ ఒక్కతే. తొమ్మిదేళ్లు అలా గడిచాయి. మా బడిలో సైన్సు బాగా చెప్తారని చుట్టుపక్కల పేరు కూడా వచ్చింది. మాస్టారికి శాలువా కప్పారు.

మేం తొమ్మిదిలో ఉండగా లాబ్ హెల్పరు పోస్టు మంజూరైందని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆయమ్మ చేతులు తుడుచుకుని హెడ్మాస్టరుగారి గదికి వెళ్లింది. ఎందుకో శిక్షపడి అప్పుడు నేను ఆ గది బయటే నిలబడి ఉన్నాను, కాబట్టి అంతా విన్నాను.

"సార్, ఆ పని ఎలాగూ నేనే చేస్తున్నాను కదండీ."

"చేస్తున్నావమ్మా, ఎవరు కాదన్నారు? కానీ రూలు ఒప్పుకోదు. పదో తరగతి పాసై ఉండాలి. నువ్వెంతవరకు చదివావు?"

"ఎనిమిది, సార్. మా అమ్మ మంచాన పడితే మానేశాను."

"అదే మరి. నాకు మాత్రం లేదా, నీకిద్దామని?" అన్నారాయన, గొంతులో బోలెడు బాధ పోసి. ఆయన బావమరిది పదో తరగతి పాసై పదేళ్లుగా ఇంట్లో ఖాళీగా ఉన్నాడన్న సంగతి ఆ బాధలో ఎక్కడా బయటపడలేదు.

"పోస్టు ఎప్పటిలోగా నింపాలండీ?"

"వచ్చే సంవత్సరం ఆఖరుకి. ఏం?"

"అయితే పాసవుతాను."

హెడ్మాస్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులోనే ప్రైవేటు అభ్యర్థి దరఖాస్తు మీద సంతకం పెట్టేశారు. పని పాడవకుండా ఉంటే పదో తరగతి ఆఖరి బెంచీలో కూర్చోవచ్చని కూడా అన్నారు. ఆ సంవత్సరంలో ఆయన చెప్పిన జోకుల్లో ఇదే పెద్దది. స్టాఫ్ రూములో నాలుగు రోజులు తిరిగింది.

ఇంట్లోనూ పెద్ద ప్రోత్సాహం ఏం దొరకలేదు. ఆవిడ భర్త దర్జీ. బడి పిల్లలకి యూనిఫాంలు కుట్టేది ఆయనే. సంగతి వినగానే టేపు తీసి, "కొలతలు తీసుకోమంటావా? రెండు జడలకి రిబ్బన్లు కూడా తేనా?" అన్నాడట. కలిసొచ్చింది మాత్రం అత్తగారు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. అయినా పుస్తకం చేతిలో పట్టుకుని, ఒక్కోసారి తలకిందులుగా పట్టుకుని, "ఊఁ, అప్పజెప్పు" అనేది. కోడలు గడగడా చెప్తే రైటు, తడబడితే తప్పు. "మా అత్త తీరే నయం, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు ఆ మాత్రం కూడా వినరు" అనేది ఆయమ్మ.

అలా ఆవిడ నా పక్కకొచ్చి కూర్చుంది. ఆఖరి బెంచీ నాదే. చదువు రానివాళ్లకి అక్కడ శాశ్వత నివాసం ఉండేది. మొదటి రోజు లెక్కల మాస్టారు ఆవిడని చూసి, "ఏం, బోర్డు తుడవడానికొచ్చావా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను, ఎందుకంటే అందరికంటే దగ్గర్లో ఉన్నాను. ఆయమ్మ లేచి, బోర్డు శుభ్రంగా తుడిచి, తిరిగొచ్చి నోటుబుక్కు తెరిచింది.

మాస్టారికి ఆ ఏర్పాటు నచ్చింది. ఆయన బోర్డు నిండా రాయడం, "ఆయమ్మా" అనడం, ఆవిడ లేచి తుడవడం. మాస్టారి వేగం గురించి చెప్పాలి. రైలు స్టేషన్లో ఆగకుండా పోయినట్టు ఆయన లెక్క మా ముందునుంచి పోయేది. ఆ పోవడం చూసి చెయ్యి ఊపడమే మా పని. వారం రోజులు ఆయమ్మ కూడా ఊపింది. ఎనిమిదో రోజు వర్గ సమీకరణం ఒకటి బోర్డు నిండింది.

"ఆయమ్మా, తుడువు."

ఆవిడ లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, డస్టరు పట్టుకుని నిలబడింది. తుడవలేదు.

"ఏంటి, తుడవమంటే?"

"అయ్యా, మూడో లైను నుంచి నాలుగో లైనుకి ఎలా వచ్చారో చెప్తే తుడిచేస్తానండి."

"అది తెలిసిందే కదా!"

"మీకు తెలిసిందేనండి. నాకు తెలీలేదు." ఆవిడ వెనక్కి తిరిగి మా వైపు చూసింది. "మీకెవరికైనా తెలిసిందా, చెప్పండి?"

అందరం నోటుబుక్కుల్లో తలలు దూర్చాం. మా టాపర్ సైతం కిటికీలోంచి ఆకాశం ఎంత నీలంగా ఉందో చూసుకుంటున్నాడు. మాస్టారు మూడో లైను చూశారు, నాలుగో లైను చూశారు, తల గోక్కున్నారు. "రేపు చెప్తాను" అని గంట మోగకుండానే వెళ్లిపోయారు. గంట కొట్టాల్సిన మనిషి బోర్డు దగ్గర నిలబడి ఉంది మరి.

మర్నాడు చెప్పారు. బహుశా ఇంట్లో కూర్చుని ఆయన కూడా మొదటిసారి నేర్చుకున్నారేమో, చాలా బాగా చెప్పారు. ఆ తర్వాత ఆవిడకి అర్థమైతేనే బోర్డు ఖాళీ అయ్యేది. మాస్టారు చిరాకుపడి రెండు మూడుసార్లు డస్టరు తానే అందుకున్నారు కానీ, సుద్దపొడి పడదని, ఆయాసం వస్తుందని ఆయనే డాక్టరు చీటీ తెచ్చి పెట్టుకున్న మనిషి. ఏం చేస్తారు! ఆ ఏడాది లెక్కల్లో మా క్లాసంతా పాసవడానికి కారణం మాస్టారి అంకితభావమని సంచికలో ముప్ఫై మంది రాశారు.

నాకూ ఆవిడకీ స్నేహం లాబ్‌లో కుదిరింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆవిడ గాజు గొట్టాలు కడుగుతూ పాఠం చదివించుకునేది. నేను పైకి చదవాలి, ఆవిడ వినాలి. చదివేది నాకేమీ ఎక్కేది కాదు. ఆవిడ మధ్యలో ఆపి, "అమ్మడూ, అదేంటో చూపిస్తా ఉండు" అని ఏదో సీసా దించేది. రంగు మారేది, పొగ వచ్చేది, అప్పుడు ఎక్కేది.

ఒకరోజు అడిగాను, "ఆయమ్మా, ఫినాయిల్ మేడమ్ అంటామని నీకు తెలుసా?"

"తెలుసు. పెట్టింది నువ్వేనని కూడా తెలుసు."

ఆవిడ గొట్టం ఎత్తి వెలుగులో పట్టుకుని చూసింది.

"చివర మేడమ్ అన్నావుగా. ఈ బడిలో నన్ను మొదట మేడమ్ అన్నదానివి నువ్వే. చదువు, చదువు, టైమైపోతోంది."

నేను చదివాను. అక్షరాలు సరిగ్గా కనిపించలేదు, అయినా చదివాను.

పరీక్షలయ్యాయి, ఫలితాలు వచ్చాయి. నాకు లెక్కల్లో ముప్ఫై ఆరు, ఆవిడకి నలభై ఒకటి. సైన్సులో మా టాపర్‌కి ఎనభై ఆరు. ఆయమ్మకి ఎనభై ఎనిమిది. టాపర్ వాళ్ల నాన్న బడికి వచ్చి, ఎక్కడో కూడికలో పొరపాటు జరిగి ఉంటుందని, పేపర్లు మళ్లీ దిద్దించాలని గంటసేపు వాదించారు. ఆయన వెళ్లిపోయాక కుర్చీ కింద పడ్డ బురద ఆయమ్మ తుడిచింది.

సర్టిఫికెట్లు ఇచ్చే రోజు సభ పెట్టారు. పై ఆఫీసు అధికారి ముఖ్య అతిథి. హెడ్మాస్టరుగారు బడి విజయాల గురించి యాభై నిమిషాలు మాట్లాడారు. బావమరిది కొత్త చొక్కా వేసుకుని రెండో వరసలో కూర్చున్నాడు. మేం ఒక్కొక్కరం మైకు ముందుకొచ్చి రెండో ఇల్లు, రెండో ఇల్లు అని వచ్చాం. ఆయమ్మ కుర్చీలు సర్దింది, నీళ్ల గ్లాసులు పెట్టింది. గ్రూపు ఫొటో తీసేటప్పుడు ఫొటోగ్రాఫరు, "ఆయమ్మా, కొంచెం పక్కకి జరుగు, అడ్డొస్తున్నావ్" అన్నాడు. ఆవిడ జరిగింది.

మా క్లాసులో వీరులెవరూ లేరని ముందే చెప్పుకోవాలి. అయిదేళ్లలో ఒక్క అన్యాయాన్నీ ఎదిరించిన చరిత్ర మాకు లేదు. అయినా ఏమైందో, మైకు ముందున్న టాపర్ తన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సైన్సు ఫస్టు ఇంకా మాట్లాడలేదు సార్" అన్నాడు. ఆఖరి వరస నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఎవరో ఏంటి, నేనే. మిగతావాళ్లు అందుకున్నారు. అధికారి హెడ్మాస్టరుగారి వైపు ప్రశ్నార్థకంగా చూశారు.

ఆయమ్మ ట్రే పక్కన పెట్టి మైకు దగ్గరికి వచ్చింది.

"నాకు ఉపన్యాసం రాదండి. అయిదేళ్లు వీళ్ల గది ఊడ్చాను, ఒక ఏడాది అందులో కూర్చున్నాను. అందుకని వీళ్ల సంగతి కొంచెం తెలుసు. రెండో ఇల్లు అన్నారు. మొదటింట్లో కూడా బల్లల కింద చూయింగ్ గమ్ అంటిస్తారేమో, వాళ్లమ్మల్నే అడగాలి."

హాలు నవ్వింది. అమ్మలు ఎక్కువ నవ్వారు.

"వీళ్లు మంచి పిల్లలండి. పరీక్షంటే మాత్రం మహా భయం. ఒక పిల్లాడైతే ప్రతి పరీక్ష రోజు పొద్దున లాబ్ వెనకకెళ్లి వాంతి చేసుకునేవాడు. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. పేరు చెప్పను. కానీ ముందుముందు వాడికి ఇంకా పెద్ద పరీక్షలున్నాయి, అక్కడ నేనుండను. పిల్లలు ఎన్ని మార్కులు తెచ్చారో చూసినట్టే, ఏం తిన్నారో కూడా కాస్త చూడండి."

ఆ దురదృష్టవంతుడు ఎవరా అని టాపర్ వాళ్ల నాన్న మెడ సాచి హాలంతా వెతికారు. తల దించుకున్న కొడుకు ఆయనకి పది అడుగుల దూరంలో స్టేజీ మీదే ఉన్నాడు.

ఆయమ్మ అధికారి వైపు తిరిగింది. "ఇంకొక్క మాట, సార్. లాబ్ పోస్టుకి పదో తరగతి కావాలన్నారు. ఇదిగోనండి."

సర్టిఫికెట్ ఆయన ముందు బల్ల మీద, పూలగుత్తి పక్కన పెట్టింది. అధికారి చదివారు. పోస్టు ఇంకా ఖాళీగానే ఉందా అని అడిగారు. నాలుగు వందల మంది చూస్తుండగా ఉందనక తప్పలేదు హెడ్మాస్టరుగారికి. "అయితే ఇంకేం, ఇంతకన్నా తగినవారెవరు?" అన్నారు అధికారి. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది హెడ్మాస్టరుగారే. ఆవిడని చదివించింది తనేనని అధికారి చెవిలో చెప్పడం కూడా చూశాను. బావమరిది కొత్త చొక్కాతోనే వెనక తలుపు గుండా వెళ్లిపోయాడు.

ఉత్తర్వు మూడు వారాలకి వచ్చింది. ఆ రోజు నేను టీసీ కోసం బడికి వెళ్లాను. ఆ ఉత్తర్వులో ఆవిడ ఇంటిపేరు తప్పు పడింది. కింద ఇంకో వాక్యం కూడా ఉంది: మరొక ఉత్తర్వు వచ్చేంతవరకు ఊడ్చే పని కూడా ఈమే చూసుకోవలెను. ఆయమ్మ నిదానంగా చదివి, నా దగ్గర ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, ఇంటిపేరు కింద ఒక గీత, ఆ వాక్యం కింద ఒక గీత గీసింది.

"ఆఫీసు కాగితం మీద గీతలేంటమ్మా!" అన్నారు హెడ్మాస్టరుగారు, కళ్లు తేలేసి.

"తప్పులు సార్. రెండున్నాయి. దిద్దించి ఇప్పించండి."

పదకొండు రోజులు బడిని ఎవరూ ఊడవలేదు. పన్నెండో రోజు ఇన్‌స్పెక్షన్ ఉందని తెలిసింది. దాంతో ఊడ్చే పనికి వేరే మనిషి అంత త్వరగా ఎలా దొరికిందో, దిద్దిన ఉత్తర్వు అంత త్వరగా ఎలా వచ్చిందో పై ఆఫీసు వాళ్లకే తెలియాలి. ఇప్పుడు ఆవిడ లాబ్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. సీసాలన్నిటికీ తన చేత్తో పేర్లు రాసి అంటించింది. సైన్సు మాస్టారు అదే కిటికీ పక్కన అదే పేపరు చదువుతారు. ఈ మధ్య ఏదైనా సందేహం వస్తే పేపరు కాస్త కిందకి దించి, "మేడమ్, ఇదేంటో చూడండి" అంటున్నారట.