గుంపులో నా గొంతు

యాభై ఏళ్లు నిండిన రోజు పొద్దున్నే నాకు నా పదహారో ఏడు మీద బెంగ పుట్టింది. ఇలాంటి బెంగ గురించి ఎక్కడో చదివాను. ఏం జరిగినా దాని గురించి ముందే చదివి ఉండటం నా గొప్ప, మా ఇంట్లోవాళ్లకి తలనొప్పి. కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాదు. నా చదువంతా యూసుఫ్‌గూడలో ఒక గ్రంథాలయం ఫ్యాను కింద జరిగింది.

ఆ వయసువి ఏం మిగిలాయా అని వెతికితే ఒకే ఒక ఫొటో. అందులోనూ కళ్లు మూసుకుని ఉన్నాను. కానీ నా గొంతు మిగిలింది, ఒక సినిమాలో.

ఈ సంగతి పెళ్లిచూపుల్లోనే మా ఆవిడకి చెప్పాను. పంచాయతీ సీనులో జనమంతా గొణుగుతుంటే, పైకి వినబడేలా గంభీరంగా "న్యాయం కావాలి!" అన్నది నేనే అని. చెప్పగా చెప్పగా నేనూ నమ్మేశాను.

"నాన్నా, ఆ సినిమా ఎవరో ఇంటర్నెట్లో పెట్టారు! సాయంత్రం అందరి ముందూ టీవీలో వేస్తా," అంది మా అమ్మాయి మధ్యాహ్నం. అప్పుడు జరిగింది జరిగినట్టు గుర్తొచ్చింది.

మా నాన్న జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి కారు నడిపేవారు. మేం మధురానగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఆ ఏడు నా గొంతు మారుతోంది. ఏ మాట ఎక్కడ కీచుమంటుందో నాకే తెలిసేది కాదు. పూర్వం గ్రీకు దేశంలో ఒక వక్త నోట్లో గులకరాళ్లు పెట్టుకుని, సముద్రం ముందు మాట్లాడి గొంతు దిద్దుకున్నాడని లైబ్రరీ పుస్తకంలో చదివాను. మాకు సముద్రం లేదు, ఫిల్మ్‌నగర్‌లో బండలున్నాయి. గులకరాళ్లు లేవు, ఎవరో కొత్తగా ఇల్లు కడుతున్నచోట కంకర కుప్ప ఉంది. బండెక్కి, నోటినిండా కంకరతో లోకానికి సందేశాలిచ్చాను. మేకలు విన్నాయి. చిగుళ్లు చీరుకుపోయి మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాను.

"కంకర తినేవాడికి మజ్జిగెందుకే? సిమెంటు కలిపి పెట్టు," అన్నారు నాన్న అమ్మతో.

ఆ రోజుల్లోనే ఒక డబ్బింగ్ థియేటర్లో గుంపు గొంతులకి మనిషి తక్కువయ్యాడు. నాన్నతో వచ్చి బయట కారులో చదువుకుంటున్న నన్ను లోపలికి లాక్కెళ్లారు. తెరమీద పంచాయతీ. హీరో చెల్లెల్ని ఊరు వెలివేస్తోంది. "న్యాయం కావాలి" అంటే చాలన్నారు. కంకర బలమంతా కూడగట్టి అన్నాను. 'న్యాయం' ఏనుగులా బయల్దేరింది. 'కావాలి' కోడిపిల్లలా చేరింది.

అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీరు, "ఏందిర భై, గీ పోరని గొంతుల ఇద్దరున్నరా? గా మాట పెద్దాయనకియ్యిన్రి. వీన్ని ఆడోళ్ల దిక్కు నిలవెట్టున్రి," అన్నాడు.

ఆడవాళ్లలో ఒకామె పక్కకి జరిగి, "రా తల్లీ, సిగ్గుపడకు," అంది. నాకు దక్కిన మాట "అయ్యో నా తల్లీ!" ఒక్క దెబ్బకి ఓకే అయింది. "శభాష్ అవ్వా!" అన్నాడు ఇంజనీరు.

సాయంత్రం హాలు నిండా చుట్టాలు. పంచాయతీ సీను వచ్చింది. "న్యాయం కావాలి!" అని టీవీ అదిరేలా వినబడింది. చప్పట్లు.

"ఏం గొంతు బావా! ఇప్పుడేమైంది దానికి?" అన్నాడు మా బావమరిది.

"వయసు," అన్నాను. గండం గడిచింది. కేకు కోసి ఊరుకోవాల్సింది.

కానీ వెంటనే తెరమీద పచ్చచీర ముసలమ్మ నోరు తెరిచింది. "అయ్యో నా తల్లీ!" నేనే. కళ్లు మూసుకున్న ఆ ఫొటోలో కూడా నేను అంత లేను. ఆగలేకపోయాను.

"కొంచెం వెనక్కి తిప్పమ్మా."

"న్యాయం దగ్గరికా?"

"కాదు, దాని తర్వాత."

ముసలమ్మ మళ్లీ అరిచింది. మిర్చి బజ్జీల పళ్లెంతో వంటింట్లోంచి వస్తున్న మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఉండండుండండి. మొన్న బాత్రూంలో బల్లి మీద పడితే మీరు అరిచిన అరుపు ఇదే కదూ?"

"ఆ ముసలమ్మ నువ్వా బావా!" బావమరిది సోఫాలోంచి జారాడు. మగపిల్లల కంఠంలో వచ్చే మార్పుల గురించి ఒక పుస్తకంలో ఉన్నదంతా చెప్పబోయాను. ఎవరూ చెప్పనివ్వలేదు.

మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు. టీవీ దగ్గరికొచ్చి, "ఇంకోసారి వెయ్యవే," అంది. పళ్లెం చేతిలోనే పెట్టుకుని విన్నది.

"నిజంగానే ఏడుపొచ్చేట్టుంది పాపం," అంది. "పెళ్లిచూపుల్లో ఈ గొంతు వినిపించి ఉంటే నాలుగు రోజులు ఆలోచించేదాన్ని కాదు. ఆ న్యాయం ఆయనెవరో గానీ, వింటేనే భయమేసింది."

కేకు కోసే ముందు ఆ మాట ఒక్కసారి అనమని అందరూ పట్టుబట్టారు. ఊపిరి పీల్చి అన్నాను. ఎక్కడా చీలకుండా, గంభీరంగా, పెద్దమనిషి గొంతుతో "అయ్యో నా తల్లీ" బయటికొచ్చింది. కంకర ఇప్పటికి పనిచేసిందన్నమాట.

"ఇది కాదు నాన్నా," అంది మా అమ్మాయి. "ఉండు, బల్లిని వెతుకుతా."