షెహనాయి క్యాసెట్టు

అన్నం తినేవాళ్ళు ఏ పాట వినాలో నిర్ణయించే హక్కు మీకెవరిచ్చారు? నాకూ ఎవరూ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను.

తొంభైల్లో పుంగనూరులో నేను రోజూ భోంచేసే హోటలుకు ఎక్కువగా ముసలివాళ్ళే వచ్చేవారు. యజమాని టేప్‌రికార్డరు పక్కనే నిలబడి, తినేవాళ్ళ చేతులనే చూస్తుండేవాడు. ఎవరి చెయ్యి ఆకు మీద ఆగినా పాట మార్చేవాడు.

నాస్తికుణ్ణి కాబట్టి భక్తిపాటలు వద్దని అతనితో వాదించి, దేవుడి పేరే వినబడని షెహనాయి క్యాసెట్టు నేనే తెచ్చిచ్చాను. అది మోగగానే ఒక అవ్వ చెయ్యి ఆగింది. దేశంలో పెద్ద నాయకులెవరైనా చనిపోతే రేడియోలో వచ్చేది ఆ వాద్యమే.

"ఎవురు పోయినారప్పా?" అంది.

యజమాని టేపు ఆపబోయాడు. నేనతని చెయ్యి పట్టుకున్నాను.

"ఎవురూ పోలేదవ్వా, ఉత్త సంగీతమే. తినవ్వా," అన్నాను.

"సావు పాట వింటా ఎట్ల తినేదప్పా?" అని ఆమె ఆకు మడిచి లేచిపోయింది.

"ఆయమ్మ దినానికి ఒగ పూటే తింటాదప్పా," అన్నాడు యజమాని నెమ్మదిగా. "నువ్వు గెలిచినావులే."

ఆమె మళ్ళీ ఆ హోటలుకు రాలేదు. దెయ్యాలు లేవని ఊరూరా చెప్పినవాణ్ణి నేను. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఆ ఆగిన చెయ్యే కనబడుతుంది.

ముసలివాళ్ళు తినేచోట వాళ్ళనడిగి పాట పెట్టండి. ముద్ద ఆగితే పాట ఆపండి. నమ్మకాల సంగతి వాళ్ళు చేతులు కడుక్కున్నాక మాట్లాడండి.