మేడికొమ్మలో కంసాలి పిట్ట

అమ్మిన చేను గట్టు తొక్కకూడదని మా ఇంట్లో కట్టుబాటు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో మా చివరి చేను చేయి మారి పదకొండేళ్లయింది. రోజూ పొద్దున ఆ దారినే నడుస్తాను కానీ తారురోడ్డు దిగింది లేదు. కొన్నవాడు ఒకప్పటి మా జీతగాడి కొడుకు. ఎదురుపడితే అతను చెయ్యెత్తేవాడు, నేను తల ఊపేవాణ్ణి. అంతకుమించి మాటల్లేవు.

ఆ చేనిలో బావి పక్కన మేడిచెట్టు ఉంది. ఈ ఏడు మాఘంలో దాని ఎండుకొమ్మను కంసాలి పిట్ట తొలిచింది. పిడికిలంత పిట్ట. ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్రటి బొట్టు, కంటి చుట్టూ పసుపు. కూసిందంటే రాగిరేకు మీద సుత్తి దెబ్బలే. దీని జాతిలోనే పెద్ద పిట్టలు కొండల్లో, తడి ఆరని లోయల్లో ఉంటాయని నాయన చెప్పేవాడు. ఇది మాత్రం మేడిపండ్ల కోసం మా చేలదాకా వచ్చేది. రోడ్డు మీద నిలబడే అంతా చూశాను. మొదట చెక్కపొట్టు రాలింది. కొన్ని వారాలకు రెండు పిట్టలూ వంతులేసుకుని పండ్లు మోయసాగాయి. తొర్రలో పిల్లలున్నాయన్నమాట.

ఒక పొద్దున చూస్తే చెట్టుకు నిచ్చెన, కూలీ చేతిలో గొడ్డలి. ఆ కొమ్మ కిందే మోటారు షెడ్డు ఉంది.

"ఆ కొమ్మ కొట్టొద్దు!" అని అరిచాను, చేను ఇంకా నాదే అయినట్టు.

కూలీ నవ్వాడు. "చెప్పేదానికి చేను నీదేందప్పా?"

చెవులు వేడెక్కాయి. వెనుదిరిగి రెండడుగులు వేశాను కూడా. తిరిగి చూస్తే, పండు పట్టుకొచ్చిన పిట్ట నిచ్చెనను చూసి తొర్రకు పోలేక పక్క కొమ్మ మీద అటూ ఇటూ గెంతుతోంది. ఇక నాకు కాలు కదల్లేదు.

షెడ్డు వెనక నుంచి చేను యజమాని వచ్చాడు. "ఏందన్నా, ఏమైంది?"

వాళ్ల నాయన నన్ను చిన్నదొరా అనేవాడు. 'అన్నా' కొంచెం గుచ్చుకుంది. "కొమ్మలో పిట్ట పిల్లలున్నాయి" అన్నాను.

"యాడ? ఆడ నిలబడి చెప్తే నాకేం తెలుస్తాది? వచ్చి చూపియ్."

గట్టు తొక్కాను. తొర్ర చూపించి, "ఎగిరిపోయేదాకా ఉంచుతావా?" అని అడిగాను. ఒకరిని అడగడం నాకు అలవాటు లేదు. గొంతు నాకే కొత్తగా వినబడింది.

అతను నిచ్చెనెక్కి కొమ్మకు చెవి ఆనించాడు. "ఉండాయి. అరుస్తాండాయి." దిగి కూలీ వైపు తిరిగాడు. "నిచ్చెన తియ్‌రా. వాటికి బువ్వ యాళయింది." గాలికి విరిగి షెడ్డు మీద పడకుండా కొమ్మకు మోకు కట్టించాడు. నా ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు.

పదహారో రోజు ఫోన్ చేశాడు. "బేగా రా అన్నా, తల బయట పెట్టిండాది."

నేను పోయేసరికి రెండు ఎగిరిపోయాయి. మూడోది తొర్ర అంచున కూర్చుని, ముందుకొంగి మళ్లీ వెనక్కి తగ్గుతోంది. ఇద్దరం షెడ్డు నీడలో నులక మంచం మీద కూర్చుని కాచుకున్నాం. ఎండ ఎక్కాక ఒక్కసారిగా దూకి, అవతలి వేపచెట్టుదాకా పోయి వాలింది.

నేను లేచి చేతులు జోడించాను.

"ఏందన్నా ఇది, దండం పిట్టకా నాకా?" అని నవ్వాడు.

"నీకే" అన్నాను.