ఎనభై మూడు అక్షరాల వాక్యం

2003 ఆగస్టు, రెండో ఆదివారం. మధ్యాహ్నం రెండింటికి నేనూ, మా ఇంట్లో అద్దెకుండే అమ్మాయీ అరకు బస్టాండు వెనక ఇంటర్నెట్ సెంటర్లో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. అక్కడ ఉన్నవి రెండే కంప్యూటర్లు. రెంటికీ కలిపి ఒకటే ఫోను లైను. ఘాట్‌లో వాన పడితే ఆ లైను తెగిపోయేది. ఆ రోజు వాన లేదు. బయల్దేరే ముందు కొండవైపు చూసే వచ్చాను.

ఆ అమ్మాయిది విజయనగరం వైపు పల్లె. గిరిజన ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. అదే బళ్లో నేను ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. నాకు ఈ కంప్యూటరు ఆట నేర్పింది ఆ పిల్లే.

అందులో బొమ్మలుండవు. నల్లటి తెర మీద ఇంగ్లీషు వాక్యాలు వస్తుంటాయి, అంతే. "ఉత్తరానికి నడు" అని టైపు చేస్తే నడిచినట్టు. ఎక్కడెక్కడి మనుషులో ఒకే కోటలోకి వచ్చి తిరుగుతారు. ఆ అమ్మాయి కాలేజీలో ఉండగా ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి మొదలుపెట్టింది. చదువులయ్యాక నలుగురూ నాలుగు ఊళ్ల పాలయ్యారు. వాళ్లు కలుసుకునే చోటు ఇప్పుడు ఆ ఆటలోనే ఉంది, నలభయ్యో మెట్టు దాటినవాళ్లకి మాత్రమే తలుపు తెరిచే ఒక మండపం. ఆటలో చచ్చిపోతే మళ్లీ ఒకటో మెట్టు నుంచి ఎక్కాలి. నలభైకి చేరడానికి ఆ పిల్లకి ఏణ్ణర్థం పట్టింది. పైవాళ్లు కొత్తవాళ్లు తిరిగే కింది ఊళ్లోకి దిగడానికి లేదు. అంటే చచ్చినవాళ్లకి ఆ ముగ్గురూ కనబడరు.

ఆ ఆదివారం నలుగురూ కలిసి పాముల గుహ దాటాలని ముందే అనుకున్నారు. ముందు నిలబడేది మా టీచరమ్మాయి. వెనక నుంచి విరుగుడు ఇచ్చేదాన్ని నేను. ఆటలో వైద్యులకి మెట్ల పట్టింపు లేదు, పైకైనా కిందికైనా వెళ్లొచ్చు. గుహలో కాట్లు వెంటవెంటనే పడతాయి, నా వేళ్లు అంత వేగం కావు. అందుకని ట్రిగ్గర్ అనేది ఒకటి పెట్టుకున్నాను. ఫలానా వాక్యం తెర మీదికి రాగానే ఫలానా మాట పంపు అని కంప్యూటరుకి ముందే చెప్పి ఉంచే నియమం అది. ఎవరి ఒంట్లోనైనా విషం పాకుతోందన్న వాక్యం వస్తే, వాళ్ల పేరు మీద విరుగుడు వెళ్లాలి.

అంతకుముందు వారం గుహ వాకిట్లో ఒక పిల్లపాము ఆ అమ్మాయిని కరిచినప్పుడు ఆ వాక్యాన్ని తెర మీంచి నా పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. నాది అడ్డంగా తెరుచుకునే వెడల్పాటి పుస్తకం. దాన్ని చూసే నియమం టైపు చేసి, పేరు రావాల్సిన చోట, ఏ పేరైనా సరే అని, నక్షత్రపు గుర్తు పెట్టాను. నేనే ఆటలోని సంతలో విషం కొని తాగి పరీక్షించాను. విరుగుడు దానంతటదే వెళ్లింది. రెండోసారి తాగాను. మళ్లీ వెళ్లింది.

గుహలోకి దిగాక మొదటి కాటు మా అమ్మాయికే పడింది.

"మామ్మగారూ, విరుగుడు రాలేదేటి?" అంది, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"వస్తుంది. చూడు."

నా తెర మీద ఏమీ వెళ్లలేదు. అంతలో వెనకున్న స్నేహితురాలిని ఒక పాము కరిచింది. ఆమెకి విరుగుడు టక్కున వెళ్లింది.

"చూశావా, పని చేస్తోంది," అన్నాను.

"దానికి సేత్తంది. నాకు సెయ్యట్లేదు." రెండో కాటు పడింది. తెర మీద ఆ పిల్ల ప్రాణం అంకె రెండు వందల పది నుంచి నూట ఇరవైకి దిగింది. "వెనక్కొచ్చీమంటారా? బేగి సెప్పండి."

అప్పుడు నేను చెప్పవలసింది ఒక్క మాట. వచ్చెయ్ అంటే వచ్చేసేది. గుమ్మం రెండడుగుల దూరంలో ఉంది.

"ఉండు," అన్నాను. "రెండుసార్లు సరిచూశాను. నియమంలో తప్పు లేదు."

ఆ పిల్ల ఉండిపోయింది. మూడో కాటు పడింది. విరుగుడు వెళ్లలేదు. నేను చేత్తో టైపు చెయ్యడం మొదలుపెట్టాను. ఆటలో ఆ అమ్మాయి పేరుకి పదమూడు ఇంగ్లీషు అక్షరాలు. తొమ్మిదో అక్షరం దగ్గర ఉండగా పక్క కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

 ఆమె తెర మీద కింది ఊరి సత్రం గురించిన వాక్యం వచ్చి నిలబడింది, కొత్తగా పుట్టినవాళ్లకి వచ్చేది. సెంటరతను వెనక నుంచి, "ఇంకా అరగంట ఉందమ్మా మీకు," అన్నాడు. ఆ అమ్మాయి చున్నీ సర్దుకుని లేచింది.

"లైను దోషమేమో లెండి," అని వెళ్లిపోయింది.

లైను దోషమైతే ఆ స్నేహితురాలికి విరుగుడు ఎలా వెళ్లింది? నేను కదల్లేదు. జరిగిందంతా కాగితాల మీదికి తీయించాను. మూడు పేజీలు. పెన్సిలు పట్టుకుని అక్షరాలు లెక్కపెట్టాను.

పేరు వదిలేస్తే ఆ వాక్యం, ఖాళీలతో సహా, డెబ్బై అక్షరాలు. నా పేరు నాలుగు, మొత్తం డెబ్బై నాలుగు. స్నేహితురాలిది ఆరు, డెబ్బై ఆరు. మా అమ్మాయిది పదమూడు, ఎనభై మూడు. ఆట ఒక పంక్తికి ఎనభై అక్షరాలే పంపుతుంది. మిగిలితే చివరి మాటని కింది పంక్తిలోకి మడుస్తుంది. కంప్యూటరు నియమాన్ని ఒక్కో పంక్తితోనే పోల్చి చూస్తుంది. పై పంక్తిలో వాక్యం పూర్తికాలేదు, కింది పంక్తిలో మొదలు లేదు. రెండూ దానికి పట్టలేదు.

ఆ మడత నేను చూడలేదని చెప్పడానికి లేదు. ముందటి వారం తెర మీద ఆ వాక్యం రెండు పంక్తులుగానే ఉంది. నా వెడల్పాటి పుస్తకంలో చోటుంది కనుక ఒకే పంక్తిగా రాసుకున్నాను. పంక్తి చివర ఆగకండి, చుక్క దగ్గర ఆగండి అని ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల చేత చదివించిన చెయ్యి అది. రెండు పంక్తుల్నీ కలపకుండా ఉండలేకపోయింది. పరీక్ష మాత్రం నాలుగక్షరాల నా పేరు మీద చేసుకున్నాను.

ఇంటికెళ్లేసరికి ఆ అమ్మాయి వసారాలో చిక్కుళ్ల ఈనెలు తీస్తోంది. కాగితాలు ముందు పెట్టి లెక్క చెప్పాను.

"లైను బాగానే ఉంది. తప్పు నాది. ఉండమన్నది కూడా నేనే."

కాగితం వంక చూసింది. లెక్కల టీచరు కదా, కూడిక మళ్లీ తనే వేసుకుంది.

"మూడక్షరాలు," అంది. "నా పేరు మూడక్షరాలు తక్కువైతే బతికుందును."

"అవును."

"అయితే ఈసారి పొట్టి పేరు పెట్టుకుంటాన్లెండి. మీకు సులువుగా ఉంటాది."

అది ఎగతాళో, కోపమో నాకు తెలియలేదు. "వద్దు," అన్నాను. "అదే పేరు పెట్టుకో. దిద్దుకోవలసింది నేను."

చిక్కుళ్లు చేటలోకి ఎత్తుకుని లోపలికి వెళ్లింది. ఆ వారమంతా నాతో అవసరానికే మాట్లాడింది. స్నేహితురాళ్లకి ఉత్తరాలు రాసింది, ముగ్గురికీ విడివిడిగా. పోస్టులో వేసి రమ్మని నాకు ఇవ్వలేదు.

మూడో ఆదివారం రెండింటికి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఒకటో మెట్టు, పదమూడక్షరాల పాత పేరు. పంక్తి వెడల్పు ఎంత ఉండాలో ఆటకి మనమే చెప్పుకోవచ్చట. ఎనభై తీసేసి రెండు వందల యాభై పెట్టాను. నియమాన్ని కూడా వాక్యంలో మొదటి సగానికి కుదించాను, ఎక్కడ మడిచినా పట్టేలాగ.

ఇద్దరం సంతలో నిలబడ్డాం. విషం కొనమన్నాను. కొంది.

"తాగు," అన్నాను.

నా వైపు తిరిగింది. "పోయినోరం ఉండమన్నారు. ఈ వోరం తాగమంటన్నారు."

"ఒకటో మెట్టు మీద చస్తే పోయేది ఏమీ లేదు. నీ పేరు మీద చూడకుండా నిన్ను రెండో మెట్టు ఎక్కనివ్వను."

తాగింది. వాక్యం వచ్చింది, ఎనభై మూడక్షరాలూ విడిపోకుండా. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. విరుగుడు వెళ్లింది.

"ఇంకోసారి," అంది ఆ అమ్మాయే. ఆ మధ్యాహ్నం పదకొండుసార్లు తాగింది. పన్నెండోది కొనబోతుంటే, చాలు, నడు అన్నాను. "ఉత్తరానికి నడు" అని టైపు చేసింది.