ఎడమ సీటు కింద నీళ్లు

నాకు కోపం తొందరగా వస్తుందని ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరికీ తెలుసు. ఆ కోపంలో నేనెప్పుడూ తప్పు చేయలేదని మాత్రం నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని. మొన్న ఏప్రిల్ దాకా అలాగే అనుకున్నాను.

ఆ రోజు మాదాపూర్‌లో ఆఫీసు సెల్లార్‌లో కారు ఆపి, ఎడమ సీటు ముందు కింద పెట్టిన లాప్‌టాప్ బ్యాగు అందుకున్నాను. బ్యాగు అడుగు నుంచి నీళ్లు ధార కట్టాయి. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. నడి వేసవి, ఆకాశంలో మబ్బు తునక లేదు, కారు అద్దాలన్నీ బిగించే ఉన్నాయి. మంచినీళ్ల సీసా కూడా ఇంట్లో మర్చిపోయి వచ్చాను. లాప్‌టాప్ తెరిస్తే కీల సందుల్లో నీటి బొట్లు. బటన్ నొక్కితే ఒకసారి వెలిగి ఆరిపోయింది. పదిన్నరకి క్లయింటుతో మీటింగు.

మ్యాట్ ఎత్తి చూశాను. కింద మడతలు పెట్టి పరిచిన పాత దినపత్రికలు, తడిసి ముద్దయిపోయి ఉన్నాయి. అవి నేను పెట్టలేదు. మా ఆయన ఆ కారు ఎక్కేదే ఆదివారాలు. ఇక మిగిలింది ఒక్కడే.

మణికొండలో మేముండే అపార్ట్‌మెంటులో కార్లు కడిగే మనిషి అతను. వికారాబాద్ వైపు నుంచి వచ్చాడు, నాకంటే పదేళ్లు పెద్ద. తెల్లవారగానే వచ్చి, గుమ్మం పక్కన మేకుకి తగిలించిన తాళం తీసుకుని, మ్యాట్లు దులిపి, లోపల తుడిచి, బయట కడిగి, తాళం మళ్లీ తగిలించి పోతాడు. మూడేళ్లుగా పద్దెనిమిది ఇళ్ల తాళాలు అలా అతని చేతికి వెళ్లొస్తున్నాయి. బకెట్ లోపల ఒలకబోసుకుని, నాకు తెలియకుండా పేపర్లు కప్పాడు. ఇంకేం కావాలి, దొంగ దొరికాడనుకున్నాను.

అతన్ని ఒక్క మాట అడగలేదు. అక్కడే నిలబడి, తడిసిన బ్యాగు ఫొటో, పేపర్ల ఫొటో అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టి, వేళ్లకి తోచింది రాసేశాను. ‘కారులో నీళ్లు ఒలకబోసి పేపర్లతో కప్పిపెట్టాడు. ఇలాంటి మనిషి చేతికి తాళాలిస్తున్నాం, అందరూ జాగ్రత్త.’

మధ్యాహ్నానికి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తొచ్చింది. ఒకరికి ఎప్పుడో పోయిన నల్లకళ్లద్దాలు, ఇంకొకరికి చార్జర్ వైరు, మూడో అంతస్తు ఆవిడకి బంపర్ మీద గీత. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి, రేపటినుంచి అతన్ని గేటు దాటనివ్వద్దని అసోసియేషన్ సెక్రటరీ వాచ్‌మన్‌కి చెప్పేశారు. అంత తొందరగా అంత పనవుతుందని నేననుకోలేదు. ఉలిక్కిపడ్డాను. కానీ నిజం చెప్పొద్దూ, ఆ ఉలికిపాటు వెనక కాస్త గర్వం కూడా ఉంది.

“ముందు మెకానిక్‌కి చూపించాల్సిందేమో” అన్నారు మా ఆయన.

“పేపర్లు మెకానిక్ వచ్చి పెట్టాడా?” అన్నాను.

ఆయన టీవీ వైపు తిరిగారు. నాతో కాపురం చేసి నేర్చుకున్న విద్య అది.

మ్యాట్లు బాల్కనీలో ఆరేశాను. కారు తలుపులు తీసిపెట్టి లోపలంతా ఆరబెట్టాను. ఆ తర్వాత నాలుగు రోజులు దాన్ని ఎవరూ ముట్టలేదు. లోపల పూర్తిగా ఆరనివ్వాలని నేను మెట్రోలో, క్యాబ్‌లో తిరిగాను. ఆదివారం భోజనానికి బయల్దేరి, ఏసీ పెంచి, ట్రాఫిక్‌లో అరగంట ఈదాక కొత్తగూడ దగ్గర కారు కుడివైపు తిప్పాను. డాష్‌బోర్డు కింది నుంచి చల్లటి నీళ్లు భళ్లున మా ఆయన పాదాల మీద పడ్డాయి. ఆయన కెవ్వుమన్నారు. నేను బ్రేకు తొక్కేశాను. వెనక హారన్లు మోగుతున్నా కారు కదిలించాలని తోచలేదు. నాలుగు రోజులుగా ఎవరూ కడగని కారు.

భోజనం సంగతి మర్చిపోయి, కొండాపూర్ సందుల్లో తెరిచి ఉన్న ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతను డాష్‌బోర్డు కింద తల దూర్చి, వేలితో తడిమి, బయటికొచ్చాడు.

“ఏసీ నీళ్లు మేడం. లోపట చల్లగైనప్పుడు నీళ్లు కడ్తయ్. గవి కిందికి పోయెతందుకు సన్న పైపు ఉంటది. గది జామైంది, గందుకే నీళ్లు లోపటికి మర్లుతున్నయ్.”

కారు పైకెత్తి, కిందికి దూరి, ఆ పైపు ఊడదీసి తీగతో పొడిచాడు. ముందు నీళ్లు దూకాయి. తర్వాత పసుపుపచ్చటి ముద్దొకటి అతని అరచేతిలో పడింది. దాన్ని పైకెత్తి చూపించాడు.

“ఏంది మేడం, ఏసీల పులిహోర వండిన్రా?”

మా ఆయన పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఉబ్బిపోయిన ఆ బియ్యపు గింజలు ఏమిటో నేను చూడగానే పోల్చుకున్నాను. డాష్‌బోర్డు మీద, అద్దానికి దగ్గరగా నేను అంటించుకున్న చిన్న వినాయకుడున్నాడు. ప్రతి శనివారం గుడిలో ఇచ్చిన అక్షింతలు, సగం నా నెత్తిన వేసుకుని, సగం వినాయకుడి పాదాల దగ్గర వేస్తాను. ఆ విగ్రహం వెనకే అద్దానికి గాలి కొట్టే సందు ఉంది. వేసిన అక్షింతలు రెండు రోజుల్లో మాయమయ్యేవి. కార్లు కడిగే మనిషి తుడిచేస్తున్నాడనుకుని, పనిమంతుడే అని మనసులో మెచ్చుకునేదాన్ని కూడా. మూడేళ్ల శనివారాలు ఆ పైపులో కూరుకుపోయాయని నాకేం తెలుసు.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ కార్పెట్ ఎత్తి చూశాడు.

“గిది ఇయ్యాల్టి లీకు గాదు. మస్తు దినాలసంది పడుతున్నయ్ నీళ్లు. అయినా కింద ఇనుము తుప్పు పట్టలే, వాసన లేదు. రోజు ఎవరన్న ఆరబెడుతున్నరా?”

“పేపర్లు పెట్టేవాడు” అన్నాను.

“గందుకే బతికింది మేడం మీ బండి.”

దాచడానికి పెట్టాడనుకున్న పేపర్లు అవి. నా కారులో నా నిర్వాకానికి కారిన నీళ్లు, అతను రోజూ పొద్దున్నే పిండి, పేపర్లు మార్చి పోయాడు. నేను అతనికి పద్దెనిమిది ఇళ్లు లేకుండా చేశాను. మా ఆయన అప్పటికి నవ్వడం మానేశారు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి వెతుక్కుంటూ వెళ్లాను. రెండు వీధుల అవతల, ఒక ఇంటి ముందు కారు కడుగుతూ కనిపించాడు. ఇప్పుడు అతనికున్నవి మూడు కార్లు. ఇన్నాళ్లూ అతన్ని నువ్వు అన్న నా నోటికి ఆ రోజు ‘మీరు’ వచ్చింది. అయినా బుద్ధి పోలేదు, మొదటి మాటే నేరం అతని మీద వేశాను.

“మీరు నాకు ముందే చెప్పొచ్చు కదండీ?”

అతను గుడ్డ పిండి బకెట్ అంచు మీద వేశాడు.

“చెప్పిన మేడం. రెండుసార్లు చెప్పిన. ఏసీ నీళ్లు లోపటికి దిగుతున్నయ్, జర చూపించుండ్రి అన్న. మీరు సరే అన్నట్టు తలకాయ ఊపిన్రు. చెవులల్ల ఫోన్ పెట్టుకొని ఉంటిరి.”

అతను అబద్ధం చెప్పడం లేదు. ఉదయం మీటింగు చెవుల్లో నడుస్తుండగా లిఫ్టు దిగి, కారెక్కేదాకా ఎదురైన ప్రతి ఒక్కరికీ తల ఊపుతాను. అతనికీ ఊపే ఉంటాను.

క్షమించమన్నాను. ఏడుపొచ్చింది. అతను కంగారు పడి చుట్టూ చూశాడు.

“ఊకోండ్రి మేడం. కార్లదేముంది, ఇంకో దిక్కు దొరుకుతయ్. మీ వాచ్‌మన్ నాకు బామ్మర్ది. మీ దగ్గర పెట్టిచ్చిందే నేను. ఆయనతోటే నన్ను గేటు కాడ ఆపిచ్చిన్రు. గదే మనసుకు పట్టింది.”

ఇంటికొచ్చి గ్రూపులో పసుపు ముద్ద ఫొటో పెట్టి, తప్పు నాదని, అడ్డుపడ్డవి నేను వేసిన అక్షింతలని, పేపర్లు నా కారు పాడవకుండా అతను పెట్టినవని రాశాను. మొదటి మెసేజ్‌కి మధ్యాహ్నమంతా మోగిన ఫోను, దీనికి రెండు దణ్ణం బొమ్మలతో ఊరుకుంది. నల్లకళ్లద్దాలాయన మాట్లాడలేదు. సెక్రటరీగారింటికి వెళ్లి హాల్లో కూర్చున్నాను. అందరితో మాట్లాడాలి, చూద్దామండీ అన్నారు. నేను రాసిననాడు అందరితో మాట్లాడారా అని అడిగాను. ఆయన నా ఎదురుగానే వాచ్‌మన్‌కి ఫోన్ చేసేదాకా నేను లేవలేదు. నా కోపం ఆ ఒక్కసారి పనికొచ్చింది.

రెండు రోజుల తర్వాత అతను వచ్చాడు. బావమరిది గేటు తెరిచి, తల వంచుకుని పక్కకి తప్పుకున్నాడు. నేను తాళం పట్టుకుని సెల్లార్‌లోనే ఎదురుచూస్తున్నాను. చెయ్యి చాపాను. అతను తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తీసుకుంటాడనుకున్నాను. ఆ రెండు చేతులూ జోడించాడు.

“బయట కడుగుత మేడం. లోపట మీరే చూసుకోండ్రి. ఇగ ఎవ్వరి చాబీ పట్ట.”

బతిమాలాను. నవ్వాడు కానీ మాట మార్చలేదు. మిగతా ఇళ్లవాళ్లకీ అదే చెప్పాడట. ఇప్పుడు ఆదివారం ఆదివారం నేను కారులో కూర్చుని అద్దాలు లోపలివైపు తుడుచుకుంటాను. అతను అవే అద్దాలు బయటినుంచి తుడుస్తాడు. లోపలికి మాత్రం చూడడు.