వాటానికి అడ్డంగా కోసిన చీటీ

బర్మాలో తాకేటా పేట తెలుగు బాప్టిస్టు సంఘంలో దేవసహాయం చేతికి మంచి పేరుంది. కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దాన చీట్లు తీస్తారు. ఒక్కొక్కరూ వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టి, చేతికందిన చీటీలో ఏ వాక్యముంటే ఆ ఏటికి అదే దేవుడు తమకిచ్చిన మాటని కళ్ళకద్దుకుంటారు. మంచం పట్టినవాళ్ళకీ, ఇంట్లో చావు జరిగి గడప దాటని వాళ్ళకీ దేవసహాయమే చీటీ తీసి ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. ఎస్తేరు రాణి మొగుడు పోయిన ఏడు ఆమెకి విధవలను దేవుడు విడిచిపెట్టడన్న వాక్యం వచ్చింది. బిడ్డ పోయిన ఇంటికి బిడ్డలు దేవుని దగ్గర క్షేమంగా ఉన్నారన్నది వచ్చింది. ప్రతి ఏడూ అంతే. దేవసహాయం చెయ్యి మంచిదని సంఘమంతా అనేది.

చేతిలో మహిమేమీ లేదు. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో ఒక ప్రెస్సులో బైండింగ్ చేసిన చెయ్యి అది. కాగితానికి వాటం ఉంటుంది, అందులోని నార ఒకే దిక్కుకి సాగి ఉంటుంది. వాటం వెంట చుట్టిన చీటీ బుద్ధిగా ముడుచుకుని కూర్చుంటుంది. వాటానికి అడ్డంగా చుడితే ఎంత నొక్కినా విచ్చుకోవాలని చూస్తుంది. చూసే కంటికి రెండూ ఒకటే, తడిమే వేలికి కాదు. దేవసహాయం ఓదార్పు వాక్యాలు నాలుగైదింటిని, ఏది ఏదో తెలిసేలా వెడల్పు కాస్త మారుస్తూ, అడ్డంగా కోసి గిన్నెలో కలిపేవాడు. ఏడుస్తున్న ఇంటికి గద్దించే వాక్యం పట్టుకెళ్ళడం అతనికి మనసొప్పేది కాదు. అది మోసమని అతనికి ఎన్నడూ తోచలేదు. ఈ సంగతి కొడుకు ఫ్రాంక్లిన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు పక్కన కూర్చుని చీట్లు చుట్టిపెట్టింది వాడే.

దేవసహాయం తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి పజుండౌంగ్ కాలవ ఒడ్డున బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అందరూ నడిచి ఇండియా పోతుంటే కాలు విరిగి ఉండిపోయాడు. అలా ఉండిపోయిన కాలికి మనవడు దేవసహాయం. బర్మాలో తెలుగు కీర్తనల పుస్తకాలు అచ్చు కావు, బయటినుంచి రావు. ఉన్నవాటినే విప్పి, అట్టమార్చి, మళ్ళీ కుట్టి ముప్పై ఏళ్ళు నడిపించాడతను. సైన్యం గద్దెనెక్కిన ఏడు, జనం నిరసనగా తపేలాలు మోగించి, రోడ్లకి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చిన ఆ నెలల్లోనే ప్రెస్సు మూతబడింది. తర్వాత ఇంట్లోనే బడిపిల్లల పుస్తకాలకి అట్టలు వేస్తూ గడిపాడు. భార్య కెరెన్ బట్టలు కుట్టేది. ఫ్రాంక్లిన్ ఊరికి ఆ చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు.

మూడేళ్ళకి చట్టం వచ్చింది. పద్దెనిమిది నుంచి ముప్పై అయిదు లోపు మగవాళ్ళు సైన్యంలో చేరి తీరాలి. వార్డు వార్డుకీ ఇంతమందని లెక్క. ఆ వార్డు నుంచి మొదటి విడతకి ముగ్గురు. జాబితాలో ముప్పై ఎనిమిది పేర్లున్నాయి.

వార్డు పెద్ద ఊ తున్ ఔంగ్ ఒక మధ్యాహ్నం దేవసహాయం ఇంటికొచ్చి నేలమీదే కూర్చున్నాడు. అతను మాట్లాడేది బర్మీసు, అందులో పేరుకి ముందు ఊ అంటే గారు అన్నట్టు.

"ఊ దేవసహాయం, చీట్లు వేసి తీద్దామనుకుంటున్నాం. నేను తీస్తే నమ్మరు. మా గుమాస్తా తీస్తే అసలే నమ్మరు. మీ చర్చిలో మీరే తీస్తారట కదా."

"నా కొడుకు పేరు కూడా ఉంది కదా సార్."

"ఉంది. అందుకే మీరయితే ఇంకా నయం." ఊ తున్ ఔంగ్ గొంతు తగ్గించాడు. "పేర్లు రాసేది మీరే. ఒకటి రాయడం మరిచిపోయారనుకోండి, నేను లెక్కపెట్టను."

దేవసహాయం ముఖం ఎర్రబడింది. "అందరివీ రాస్తాను. ఒక్కటి తగ్గదు."

ఆ మాట చెప్పినందుకు అతనికి లోపల గర్వంగానే ఉండింది. సాయంత్రం కెరెన్‌కి చెప్పాడు. ఆమె కుట్టుమిషను ఆపింది. తర్వాత, "మనోడిది నువ్వే రాస్తావేటి?" అంది.

"నానే రాస్తాను."

"సరే. దేవుడున్నాడు," అంది. మర్నాటికల్లా ఆ సంగతి సందంతా చెప్పేసింది. మావోడి పేరు కూడా మా ఆయనే రాసి ఏస్తన్నాడు, మాకేటి దాపరికం అని.

వార్డు ఆఫీసులో కరెంటు లేదు. గుమాస్తా బల్లమీద తలపెట్టి నిద్రపోతున్నాడు. దేవసహాయం జాబితా ఎదురుగా పెట్టుకుని, తెల్లకాగితం వాటం చూసి కోసుకుంటూ ఒక్కొక్క పేరే బర్మీసులో రాశాడు. నూనె షాపు చంద్రరావు కొడుకు లింగరాజు పేరు రాశాడు. వీధి చివర ఇడ్లీలమ్మే కోటేశ్వరి కొడుకు సుశాంత్ పేరు రాశాడు. ఫ్రాంక్లిన్, సుశాంత్ ఒక కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఫ్రాంక్లిన్ పేరు దగ్గరకొచ్చాక అతని చేతులు కాగితాన్ని తిప్పాయి. అడ్డంగా కోశాయి. అతను ఆపలేదు. పేరు రాసి, చుట్టి, మిగతా ముప్పై ఏడింటిలో పడేశాడు. ముప్పై ఎనిమిదీ ఉన్నాయి. ఒక్కటి తగ్గలేదు.

తీసేది వార్డు ధర్మశాలలో. ఆదివారం ఉదయం. గుమ్మం దగ్గర ఇద్దరు తుపాకీలతో నిలబడ్డారు. తెలుగువాళ్ళు ఒక మూలకి చేరారు. చంద్రరావు తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

"సూసినావా, సెంద్రరావు మొకం మీద సెమట బొట్టు లేదు," అన్నాడు వడ్రంగి బంగారయ్య.

"ఏల ఉంటాది? వాల్లోడి పేరు గిన్నెలో ఉంటే కదా," అంది పక్కనున్న ముసలమ్మ.

"మరెక్కడుంది?"

"నూనె డబ్బాలో ఉంటాది. అడుక్కి దిగిపోయుంటాది."

నవ్వారు. ఆ నవ్వులో ఎవరికీ సరదా లేదు.

దేవసహాయం గిన్నెలో చెయ్యి పెట్టాడు. మొదటి చీటీ కాలవ ఒడ్డున ఉండే ఒక బర్మీసు కుర్రాడిది. రెండోది తాపీమేస్త్రీ కొడుకుది. మూడోసారి చెయ్యి పెట్టగానే వేళ్ళకింద చీటీ ఒకటి విచ్చుకోబోతూ గుచ్చుకుంది. ఎన్ని ఏళ్ళుగానో అతని వేళ్ళకి అలవాటైన తాకిడి. ఆ చీటీ వచ్చి చేతిలో పడినట్టే పడింది. అతను దాన్ని వదిలేసి పక్కదాన్ని తీశాడు.

గుమాస్తా విప్పి చదివాడు. సుశాంత్.

కోటేశ్వరి ఏడవలేదు. అందరివైపూ చూసి, "మావోడా?" అని అడిగింది. మళ్ళీ అడిగింది. సుశాంత్ లేచి తల్లి భుజం మీద చెయ్యివేసి, "పద అమ్మా, ఎల్దాం," అన్నాడు. గుమాస్తా గిన్నె పట్టుకుని లోపలికి పోయాడు. మిగిలిన చీట్లు ఎవరూ విప్పి చూడలేదు.

మూడు రోజుల తర్వాత పొద్దున్నే ట్రక్కొచ్చింది. ఫ్రాంక్లిన్ స్నేహితుణ్ణి ట్రక్కు దాకా సాగనంపి ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, తినకుండా అడిగాడు.

"నానా, నా సీటీ ఎలగ కోసినావు?"

కెరెన్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఎలగ కోస్తే ఏట్రా, అన్నం తిను," అంది.

దేవసహాయం ఒళ్ళో ఉన్న బడిపుస్తకానికి అట్ట అంటిస్తూనే ఉన్నాడు. ఫ్రాంక్లిన్ ఇంకోసారి అడగలేదు. ఆ వారంలోనే ఫ్యాక్టరీ దగ్గర హాస్టల్లో చోటు దొరికిందని బట్టలు సర్దుకుని లైంగ్‌థార్యార్ వెళ్ళిపోయాడు. బస్సులు దొరకడం లేదు, దారిలో కుర్రాళ్ళని సైన్యానికి పట్టుకుపోతున్నారు, అక్కడుంటేనే నయం అని కెరెన్ అందరికీ చెప్పుకుంది. కొడుకు ఫోను తల్లికే వచ్చేది. తండ్రి ఎలా ఉన్నాడని అడిగేవాడట. ఫోను తండ్రికిమ్మని మాత్రం అనేవాడు కాదు.

రెండో విడతకి ఊ తున్ ఔంగ్ మళ్ళీ వచ్చాడు. చెయ్యి మునుపట్లా లేదని దేవసహాయం తప్పించుకున్నాడు. అది అబద్ధం కాదు.

ఈలోగా సందులో తెలుగువాళ్ళు చంద్రరావు షాపులో నూనె కొనడం మానేశారు. లక్షలు పోసి కొడుకు పేరు తీయించేశాడని ఒకరు, పేరు రాయనేలేదని ఒకరు. లింగరాజు బజారుకెళితే, "ఏం దొరబాబూ, దేశం నీకు పట్టదేటి?" అని వెనకనుంచి మాటలు. చంద్రరావు ఒకరోజు దేవసహాయం దగ్గరికి వచ్చాడు. ఎవరికీ వంగనివాడు గుమ్మం దగ్గర వంగి నిలబడ్డాడు.

"మాఁవా, రాసినోడివి నువ్వు. మావోడి పేరు గిన్నెలో ఉందో లేదో నీకు తెల్దా? ఒక్క మాట నలుగుర్లో సెప్పు."

"సెప్తానురా."

చెప్పలేదు. చెప్పడం కష్టమేమీ కాదు. ఉంది అంటే చాలు, అందరూ నమ్ముతారు. కానీ గిన్నె మాట ఎత్తితే గిన్నెలోకి చూస్తారు. రేపు చెబుదాం, ఆదివారం ఆరాధన అయ్యాక చెబుదాం అనుకుంటూ నెలలు గడిపేశాడు.

వానలు పట్టాక సుశాంత్ ఫోను ఆగిపోయింది. పిమ్మట ఒక ఉదయం సైన్యం నుంచి ఇద్దరొచ్చి కోటేశ్వరికి ఒక కాగితం, ఒక సంచి ఇచ్చి సంతకం పెట్టించుకు పోయారు. శవాన్ని అక్కడే పూడ్చారట. ఎక్కడన్నది కాగితంలో లేదు. సంచిలో రెండు చొక్కాలున్నాయి. అందులో ఒకటి తన కొడుకుది కాదంది కోటేశ్వరి.

మూడోనాడు ఆమె చంద్రరావు షాపు ముందుకి పోయింది. నేలమీది తడి మట్టి గుప్పెళ్ళతో తీసి షాపులోకి విసిరింది. "నీ కొడుకు ఇంట్లో అన్నం తింతన్నాడు. నా కొడుకుని నీ కొడుక్కి బదులు పంపినావు. నీ ఇల్లు గుల్లయిపోను," అంది. లోపల లింగరాజు ఉన్నాడు. మట్టి వాడి మీద పడింది. చంద్రరావు తలుపులు మూసుకున్నాడు. మర్నాడూ తియ్యలేదు. లింగరాజు అన్నం ముట్టడం లేదని చుట్టుపక్కల చెప్పుకున్నారు.

దేవసహాయం కోటేశ్వరి ఇంటికి వెళ్ళాడు. అంతా చెప్పేయాలనే వెళ్ళాడు. ఆమె వెనక వాకిట్లో పిండి రుబ్బుకుంటోంది. రేపటి ఇడ్లీలకి. మనిషి పోయినా వ్యాపారం ఆపే వీలు లేదు.

"రా అన్నా, కూకో."

కూర్చోలేదు. "కోటేశ్వరీ, సెంద్రరావు కొడుకు పేరు గిన్నెలో ఉంది. నానే రాసినాను. నా సేత్తో సుట్టినాను."

ఆమె చెయ్యి ఆగింది. "ఇన్నాల్లూ ఏల సెప్పలేదు?"

"భయమేసింది."

"నీకేటి భయం అన్నా?"

చెప్పవలసిన చోటు అదే. ఆమె పిండి చేతుల్ని మోకాళ్ళ మీద పెట్టుకుని అతని వైపే చూస్తోంది.

"అందరివీ ఉన్నాయేటి? మీవోడిది?"

"ఉంది."

"మిగతావోల్లతో పాటే సుట్టి ఏసినావా?"

"ఏసినాను."

కోటేశ్వరి పొత్రం పక్కకి తోసింది. "అయితే ఎవుల తప్పూ లేదన్నమాట," అంది చివరికి. "మరి నానెవులని తిట్టుకోవాలి? రేత్రంతా సెంద్రరావుని తిట్టుకుంటే తెల్లారేది. ఇంక ఎలగ తెల్లార్తాది?"

నన్ను తిట్టు అనడానికి దేవసహాయం నోరు తెరిచాడు. రెండు మాటలు. ఆమె అప్పటికే లేచి చేతులు కడుక్కుంటోంది.

"పద అన్నా. సెంద్రరావు కాడికి పోదాం. బిడ్డనుగన్నదాన్ని, ఎవులో కన్న బిడ్డ మీద మట్టి ఏసినాను. ఒక్కదాన్ని ఎల్లాలంటే సిగ్గేస్తంది. నువ్వు తోడు రా."

వెళ్ళాడు. సందులో ఇద్దరూ కలిసి నడుస్తుంటే జనం గుమ్మాల్లోంచి చూశారు. కొందరు వెంట వచ్చారు. చంద్రరావు ఒక తలుపు తీసి నిలబడ్డాడు, మళ్ళీ మట్టి పడుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని.

"తమ్ముడూ, మీవోడి పేరు గిన్నెలో ఉందట. దేవసహాయం అన్న సెప్పినాడు. తెలక అన్నాను. తప్పయిపోనాది," అంది కోటేశ్వరి. కాళ్ళమీద పడబోతే చంద్రరావు రెండు చేతులా ఆపాడు.

"ఒగ్గీ అప్పా, ఒగ్గీ. నీ దుఃకం ముందు నాదేపాటి." లోపలికి తిరిగి, "లింగరాజూ, ఇలగ రారా. పెద్దమ్మొచ్చినాది," అని పిలిచాడు.

లింగరాజు వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. సుశాంత్ ఈడువాడే. కోటేశ్వరి వాడి ముఖం చేత్తో తడిమింది.

వెనకనుంచి బంగారయ్య, "దేవసహాయం గోరు సెప్పినారంటే ఇంక ఆ మాటకి తిరుగు లేదు," అన్నాడు. ఔనౌనన్నారు మిగిలినవాళ్ళు. ఎవరో ఒకామె సీసా తెచ్చి నూనె పొయ్యమంది.

చంద్రరావు లోపలినుంచి కుర్చీ తెచ్చి, భుజంమీది తువ్వాలుతో తుడిచి, దేవసహాయం ముందు వేశాడు.

"కూకో మాఁవా. నీ మాట నా ఇల్లు నిలబెట్టినాది."

అందరూ చూస్తున్నారు. దేవసహాయం కూర్చున్నాడు.