అక్క స్కాన్ ఆలస్యమైన రోజు

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. కంప్యూటర్ మొరాయిస్తే దిష్టి తగిలిందని నిమ్మకాయ పెట్టే మా ఆఫీసువాళ్లను అందరికంటే ఎక్కువ ఏడిపించింది నేనే. అందుకే ఈ సంగతి చాలామందికి చెప్పలేదు.

నాచారంలో ఓ చిన్న కంపెనీలో పని చేస్తాను. సీటీ స్కాన్‌లో ఎక్స్‌రే తక్కువ వాడితే ఒంటికి మంచిదే, కానీ బొమ్మ మసకగా వస్తుంది. అది తేటపడాలంటే కంప్యూటర్ ఖాళీ బొమ్మతో మొదలుపెట్టి, మిషన్ తీసిన కొలతలతో పోల్చుకుంటూ మళ్లీ మళ్లీ దిద్దాలి. దానికి గంట పట్టేది. అంతసేపు ఏ డాక్టరు ఆగుతాడు? ఆ గంటను నిమిషానికి తెచ్చే ప్రోగ్రాం రాయడమే నా పని.

పరీక్షించడానికి మా అక్క స్కాన్ వాడేవాణ్ని. ఊపిరితిత్తుల జబ్బుతో దవాఖానాల చుట్టూ తిరిగిన మనిషి. "నీకు పనికొస్తదంటే తీస్కో తమ్మీ, జర అందంగ రావాలె మరి" అని తనే సంతకం పెట్టింది. కొన్ని నెలలకే పోయింది.

నిజం చెప్పాలంటే, ఆమె పోయాక నేను చేసింది పరీక్ష కాదు. మసకలోంచి పక్కటెముకలు, గుండె మెల్లగా తేలుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ని. ప్రోగ్రాం వేగం పెరిగేకొద్దీ అలా చూసే సమయం తగ్గిపోయింది. చివరికి నిమిషంలో బొమ్మ వచ్చేసింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

పని అయిపోయింది కాబట్టి పేషెంట్ల డేటా చెరిపేయమన్నారు. ఆ మధ్యాహ్నం ఆఖరిసారిగా అక్క స్కాన్ నడిపాను. నిమిషం దాటింది. చాయ్ వచ్చింది, తాగాను. బొమ్మ ఇంకా పాత రోజుల్లోలాగే మెల్లగా తేలుతోంది. పక్క సీటు సుజాత వచ్చి చూసింది.

"ఏమైంది అన్నా? బంద్ జేయనా?"

వద్దన్నాను. దాదాపు గంట పట్టింది. వెంటనే అదే కంప్యూటర్లో, అదే ప్రోగ్రాంతో ఇంకొకరి స్కాన్ నడిపితే నిమిషంలో వచ్చేసింది. ఎక్కడా ఏ తప్పూ కనిపించలేదు. అక్కది మళ్లీ నడిపే ధైర్యం చాలక చెరిపేశాను.

సాయంత్రం ఉప్పల్‌లో బావ ఇంటికి పోయి అంతా చెప్పాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"మీ అక్క నిన్ను ఎప్పుడన్న జల్ది పోనిచ్చిందా బామ్మర్దీ? బస్టాప్‌ల ముచ్చట వెట్టి ఎన్ని బస్సులు పోగొట్టలే?"

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ ప్రోగ్రాంను విప్పి చూశాను. కారణం దొరకలేదు, ఇక దొరుకుతుందని కూడా అనుకోను. ఆ గంట మాత్రం నాకు దక్కింది.